పద్నాలుగు అంకణాలు

మా ఇంటి ఓనరు చంద్రకాంతమ్మ చెడ్డ మనిషి అయ్యుంటే నాకు ఎంతో సుఖంగా ఉండేది. నాలుగు మాటలు అనేసి కడుపు చల్లబరుచుకునేదాన్ని. నా ఖర్మ, ఆమె మంచిది. మా మామకు వచ్చింది క్యాన్సరని తెలిసిన మర్నాడే గిన్నె నిండా రాగి జావ కాచి తెచ్చింది. జావ ఇచ్చి, నన్ను వంటింటి గుమ్మం దగ్గరికి పిలిచి గొంతు తగ్గించింది.

"మోహనా, ఏమనుకోబాక మే. పెద్దాయన ఉండేంత కాలం ఉండనీ, నేను కాదన్ను. కానీ ఆ జరగాల్సింది మాత్రం ఈడ జరగగూడదు. పైనింట్లో యాత్రికులు దిగతా ఉంటారు. నక్షత్రం సరిగా లేకపోతే ఆర్నెల్లు ఇల్లు మూసిపెట్టాల. నేను ఒంటి ఆడదాన్ని. నువ్వే అర్థం చేసుకోవాల."

నేను నోట్లో మాట దాచుకునే రకం కాదు. మా ఆయన హరినాథ్‌ని అడిగితే చెబుతాడు. కానీ ఆ రోజు ఆమె మాటలో తప్పెక్కడుందా అని వెతికితే దొరకలేదు. తిరుచానూరులో ఇళ్ళు అద్దెకిచ్చే వాళ్ళందరి భయమూ అదే. ధనిష్ఠా పంచకంలో ఎవరైనా కన్నుమూస్తే ఆ ఇంటికి తాళం పడుతుంది. ఇంటి మీద వచ్చేదే ఆమెకు తిండి. మా మామ మీద గౌరవంతో ఆమె పస్తులుండాలని నేను ఎట్లా అడిగేది?

"ఆలోపల మా ఇల్లు కట్టుకుంటాంలే అక్కా" అన్నాను. అంత సులువుగా అన్నాను.

మా మామ పేరు చిన్నబ్బ. చిత్తూరు మామిడికాయల మండీలో ముప్పై ఏళ్ళు కాటా దగ్గర పనిచేశాడు. బుట్ట చూసి బరువు చెప్పేవాడు, కాటా ఎక్కిస్తే అరకేజీ కూడా తేడా వచ్చేది కాదు. మనిషి నెమ్మది. ఒక్క విషయంలో మాత్రం పట్టుదల. మా అత్త వసంతమ్మ పదకొండేళ్ళ కిందట చిత్తూరులో అద్దె ఇంట్లో ఉన్నప్పుడు ఆసుపత్రిలో పోయింది. శవాన్ని తీసుకొస్తే ఆ ఇంటాయన గేటు తియ్యలేదు. కాలువ పక్కన రోడ్డు మీదే పడుకోబెట్టాం. వాన. మండీ నుంచి తెచ్చిన టార్పాలిన్ పట్టను మామ ఒక చివర, మా ఆయన ఒక చివర పట్టుకుని మూడు గంటలు నిలబడ్డారు. మోటారు సైకిళ్ళు హారన్ కొట్టుకుంటూ పోయాయి. కొత్త కోడలిని కాకపోయినా ఆ రోజు నాకు మామ మొహం చూసే ధైర్యం లేకపోయింది.

డాక్టరు ఆరు నెలలు, మహా అయితే ఏడాది అన్నాక మామ కొడుకును దగ్గర కూర్చోబెట్టుకుని అడిగింది ఒక్కటే. "నన్ను మాత్రం రోడ్డు మీద పెట్టబాకప్పా. మనకు జాగా ఉండాది గదా."

ఉంది. తిరుపతి అంచున, తిరుచానూరు రోడ్డు నుంచి లోపలికి పోయే సందులో పద్నాలుగు అంకణాలు. మామ తన చేతి కష్టంతో ఎప్పుడో కొన్నది. పాత దస్తావేజు. అందులో నాలుగు హద్దులూ, "పద్నాలుగు అంకణములు" అనే మాటా తప్ప అడుగుల లెక్క లేదు. ఆ రోజుల్లో అవసరం లేదు. మా పక్క అంకణం అంటే ఆరడుగులకు ఆరడుగులు అని చంటిబిడ్డను అడిగినా చెబుతుంది.

మా ఆయన తిరుమల కొండ బస్సు డ్రైవరు. రోజూ ఘాట్ రోడ్డు మలుపులతోనే ఆయన ఓపిక అయిపోతుంది. అందుకని ఆఫీసుల చుట్టూ తిరిగే పని నాది. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. మిషను మూసేసి సంచీ తగిలించుకున్నాను.

ప్లాను లైసెన్సున్న ఇంజనీరు చేతుల మీదుగానే కంప్యూటర్లో ఎక్కించాలట. మాకు దొరికినవాడు వంశీ. నెల్లూరు కుర్రాడు, తిరుపతి వచ్చి ఏడాది కూడా కాలేదు. నన్ను ఆంటీ అన్నాడు. నాకు ముప్పై తొమ్మిది. పని మనది కాబట్టి సహించాను. దస్తావేజు చూసి, ఏవో గుణకారాలు చేసి, వారంలో ప్లాను చేతిలో పెట్టాడు. రెండు పడక గదులు, హాలు, దేవుడి గది, ముందు కారు నిలిపే చోటు. మాకు కారు లేదు. అయినా చూస్తుంటే కడుపు నిండిపోయింది.

మామ ఆ కాగితాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇంత ఇల్లు మన జాగాలో ఎట్లా పడుతుంది మే?"

"ఇంజనీరు గీసినాడు మామా. నీకు తెలుసా, ఆయనకు తెలుసా?"

మామ కాగితం మడిచి నా చేతికిచ్చాడు. జీవితమంతా కొలత మీద బతికిన మనిషి నోరు నేనే మూయించాను. తరవాత జరిగినదానికి ఎవరెవరినో తిట్టాను గానీ, ముందుగా తిట్టుకోవాల్సింది నన్ను.

వార్డు సచివాలయం నుంచి ప్లానింగ్ సెక్రటరీ స్రవంతి స్థలం చూడ్డానికి వచ్చింది. చిన్నపిల్ల, టేపు పట్టుకుని ఎండలో చెమటలు కక్కుకుంటూ కొలిచింది. పద్దెనిమిది అడుగుల వెడల్పు, ఇరవై ఎనిమిది పొడవు. ఫోనులో మా ప్లాను తెరిచి గట్టిగా చదివింది.

"అక్కా, మీ ప్లాన్‌లో వెయ్యిన్ని ఎనిమిది చదరపు అడుగులు అని ఉండాది. ఈడ చూస్తే ఐదువందల నాలుగే ఉండాది. మిగతా సగం యాడ?"

సగం ఎక్కడికి పోయిందా అని నేను, మా ఆయన, స్రవంతి, ముగ్గురం ఒకేసారి పక్కకు తిరిగి చూశాం. పక్కన ఉన్నది దేవకమ్మ ఇల్లు. ఆమె గోడ అవతల వడియాలు ఆరబెట్టుకుంటూ మా మాటలన్నీ వింటోంది. మేం ముగ్గురం టేపు పట్టుకుని తన ఇంటి వైపు చూడ్డం కూడా చూసింది. వడియాల పళ్ళెం అట్లాగే వదిలేసి లోపలికి పోయి తలుపు వేసుకుంది.

నేను అక్కడే నిలబడి వంశీకి ఫోను చేశాను.

"పద్నాలుగు ఇంటూ డెబ్బై రెండు, వెయ్యెనిమిది. కరెక్టే కదా ఆంటీ?"

"డెబ్బై రెండు యాడిది నాయనా?"

"అంకణం అంటే డెబ్బై రెండు అడుగులు కదా. ఎనిమిదీ తొమ్మిదులు."

"అది మీ నెల్లూర్లో! మా ఊర్లో ఆరార్లు ముప్పై ఆరు!"

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. తరవాత "సారీ ఆంటీ" అన్నాడు. ఆ సారీని తీసుకుని నేనేం చేసుకోను?

వంశీ ప్లాను దిద్దాడు. కానీ ఆలోపే దేవకమ్మ ఆఫీసుకు పోయి, పక్క స్థలం వాళ్ళు తన ఇంటిని కలుపుకుని ప్లాను పెట్టారని అభ్యంతరం రాసిచ్చేసింది. దాన్ని కూడా కంప్యూటర్లో ఎక్కించేశారు. మా పనికి మాత్రం నెట్ రాని కంప్యూటరు ఆమె అర్జీని ఒక్క పూటలో మింగింది.

టౌన్ ప్లానింగ్ ఆఫీసరు గుణశేఖర్ దగ్గరికి పోయిన రోజు మామ కూడా వస్తానని పట్టుబట్టాడు. ఆటోలో కూర్చోబెట్టుకుని తీసుకుపోయాను. గుణశేఖర్ లేచి మామకు కుర్చీ వేశాడు. కరుకుగా మాట్లాడితే పోట్లాడదామని ఇంటి దగ్గర నుంచి మాటలు పేర్చుకుని పోయాను. ఆయన అవకాశమే ఇవ్వలేదు.

"అమ్మా, ఉన్నది చెప్తా ఉండా. ఇంత చిన్న జాగాకు మామూలుగా పర్మిషన్ రాదు. సడలింపు అడగాల. అడుగుదాం, తప్పులేదు. సందును రోడ్డు చెయ్యడానికి ముందర అయిదడుగులు రాసియ్యాల. ఆ తర్వాత గాలికీ వెలుతురుకూ అని మళ్ళీ ముందర అయిదు, వెనక మూడు, ఆ పక్క మూడు, ఈ పక్క మూడు వదలాల."

చెబుతూ కాగితం మీద గీతలు గీశాడు. ఒక్కొక్క గీతకూ మా స్థలం లోపలికి ముడుచుకుపోయింది. చివరికి మధ్యలో చిన్న గడి మిగిలింది. పన్నెండుకు పదిహేను.

"అయిదంకణాలు" అన్నాడు మామ, ఆయన క్యాలిక్యులేటర్ తీసేలోపే.

"అంతే పెద్దాయనా."

"పద్నాలుగు కొన్నా సామీ. తొమ్మిది గాలికా?"

గుణశేఖర్ నవ్వలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మామే ఆయన్ను ఓదార్చినట్టు అన్నాడు. "పోనీలే. ఒక మంచం పడుతుంది గదా. అయిదు సాలు నాకు."

"మంచం పడుతుంది. కానీ సడలింపు కావాలంటే పక్కింటోళ్ళు అభ్యంతరం లేదని సంతకం పెట్టాల. మీ ఫైల్లో అభ్యంతరం ఉండాది. ఆమె వెనక్కి తీసుకోకపోతే నేను ఏం చెయ్యలేను. ఇదిగో చూడండి." కంప్యూటర్ తెర మా వైపు తిప్పి, ఆమోదం బటన్ మీద రెండుసార్లు నొక్కి చూపించాడు. అది పలకలేదు. మా ఎదుట మూడోసారి కూడా నొక్కాడు పాపం.

ఆమె సంతకం పెట్టాలి, ఫైలు కదలాలి, మామ బతికుండగానే గది లేవాలి. అక్కడికి వచ్చి నిలబడింది మా బతుకు.

ముందు దేవకమ్మ దగ్గరికి నేను పోయాను. పోవడం మంచిగానే పోయాను. చేతిలో స్వీటు పొట్లం కూడా ఉంది. "ఇంజనీరు లెక్క తప్పినాడు అక్కా, మీ ఇల్లు మాకెందుకు" అని మూడుసార్లు చెప్పాను. ఆమె మూడుసార్లూ "కాగితంలో ఉండింది గదా" అంది. నాలుగోసారి నా నోరు నా మాట వినలేదు. "ప్రాణం పోయే మనిషి ఇంట్లో ఉంటే సంతకం పెట్టనంటాండావే, నువ్వు మనిషివేనా?" అనేశాను. ఆమె పొట్లం నా చేతికి తిరిగిచ్చి తలుపు వేసింది. ఇంటికి వస్తున్నంతసేపూ ఆ స్వీటు పొట్లాన్ని ఏ గోడకేసి కొడదామా అని చూశాను.

తరవాత మా ఆయన పోయాడు. పది నిమిషాలు కూర్చుని, కాఫీ తాగి, అడగాల్సింది అడగకుండా వచ్చాడు. ఈ మనిషి ముప్పై ఆరు మలుపుల మీద బస్సు ఎట్లా తిప్పుతాడో నాకిప్పటికీ అర్థం కాదు.

రేకుల షెడ్డు వేద్దామన్నాడు మా ఆయన. నాలుగు కర్రలు పాతాం. మర్నాడే స్రవంతి వచ్చింది. "అక్కా, అభ్యంతరం ఉన్న జాగాలో ఏమీ లేపగూడదు. ఫోటోలు తీసి పంపమంటారు. నా ఉద్యోగం పోతుందక్కా" అని కన్నీళ్ళు పెట్టుకుంది. ఆ పిల్ల ఎదుటే కర్రలు పీకేశాం.

అప్పటికి మామ సగం అయిపోయాడు. చొక్కా భుజాల మీద నిలబడ్డం లేదు. అయినా ఒకరోజు పొద్దున్నే తెల్ల పంచె కట్టుకుని, "నన్ను ఆమె దగ్గరికి తీసుకుపో, నువ్వు మాత్రం నోరు తెరవబాక" అన్నాడు.

దేవకమ్మ ఇంటి మెట్ల మీద కూర్చుని మామ నేల మీద వేలితో గీసి చూపించాడు. ఆరడుగులు, ఆరడుగులు. నెల్లూరోళ్ళది ఎనిమిది, తొమ్మిది. ఆ కుర్రోడికి మన లెక్క తెలీదు. ఆమె శ్రద్ధగా విన్నది. మజ్జిగ తెచ్చిచ్చింది. గ్లాసు తనే పట్టుకుని తాగించింది.

"అర్థమైంది పెద్దాయనా. మీరు దొంగలు కాదని నాకు తెలుసు."

"అయితే ఒక్క సంతకం తల్లీ."

ఆమె చాలాసేపు కొంగు అంచు నలిపింది. "మా ఆయన పోయినప్పుడు మా మరిది వచ్చి, వదినా, ఊరికే ఒక సంతకం అన్నాడు. ఏడస్తా పెట్టినా. ఆ సంతకాన్ని వెనక్కి తెచ్చుకోడానికి పన్నెండేండ్లు చిత్తూరు కోర్టుకు తిరిగినా. ఈ ఇల్లు ఒకటే మిగిలింది. నీ మీద నమ్మకం లేక కాదు పెద్దాయనా. కాగితం మీద లేదు. పెన్ను పట్టుకుంటే నాకు చెయ్యి ఆడదు."

మామ తల ఊపాడు. "అవునుమ్మా" అన్నాడు. ఆయన అవునంటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. బతిమాలడానికి పోయి ఆమె పక్షాన మాట్లాడుతున్నాడే అనుకున్నాను. ఆటోలో తిరిగొస్తూ మాత్రం నాకు ఏడుపొచ్చింది. తిట్టుకోవడానికి లోకంలో ఒక్క మనిషి కూడా మిగలలేదు.

నెల తిరిగేసరికి మామకు ఊపిరి అందడం కష్టమైంది. ఆసుపత్రిలో వారం ఉంచి, ఇక ఇంటికి తీసుకుపోయి దగ్గర ఉండి చూసుకోండి అన్నారు. సంతకాలు పెట్టించుకుని అంబులెన్సు ఎక్కించారు. నేను చంద్రకాంతమ్మకు ఫోను చేశాను. ఆమె అప్పటికే పంచాంగం చూసే అయ్యవారిని అడిగి పెట్టుకుంది.

"ఈ పొద్దు నుంచి అయిదు దినాలు పంచకం మోహనా. నీ కాళ్ళు పట్టుకుంటా..." అని ఏడ్చింది. ఆ తరవాత మాట వినబడలేదు.

అంబులెన్సు డ్రైవరు వెనక్కి తిరిగాడు. "యాడికి పోవాలమ్మా? ఇల్లు యాడ?"

నోరున్నదాన్నని ఊరంతా పేరు తెచ్చుకున్న నాకు ఆ ఒక్కదానికి జవాబు లేకపోయింది. మా ఆయనే చెప్పాడు, మా సందు పేరు. జీవితంలో మొదటిసారి నాకంటే ముందు మాట్లాడాడు.

అంబులెన్సు అక్కడికి చేరేలోపల మా ఆయన స్నేహితులు షామియానా తెచ్చారు. పద్దెనిమిదికి ఇరవై ఎనిమిది ఎక్కడ సరిపోతుంది దానికి? ముందువైపు రోడ్డు మీదికి వచ్చింది, పక్కకు దేవకమ్మ గోడ మీదికి ఎక్కింది. ఒక తాడు ఆమె కిటికీ ఊచకే కట్టారు. షామియానాకు ఎన్నడుగులు వదలాలో ఎవరూ అడగలేదు. స్రవంతి స్కూటీ మీద వచ్చి, చూసి, చెప్పులు విడిచి లోపలికి వచ్చి మామ కాళ్ళకు దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది.

మంచం, ఫ్యాను పెట్టాం. కరెంటు దేవకమ్మ ఇచ్చింది. నీళ్ళు ఇచ్చింది. తన బాత్రూం తాళం నా చేతిలో పెట్టింది. మాకు వండి పెట్టింది. నేను ఆ రోజు అన్న మాట ఎత్తనే లేదు. ఇంత ఇస్తోందే, ఆ గీత ఒక్కటి గీకితే ఏం పోయేది అనుకున్నాను. ఆమె పెట్టిన అన్నమే తింటూ అనుకున్నాను ఆ మాట. సిగ్గు కూడా అనిపించింది.

మూడోరోజు మధ్యాహ్నం మామ కళ్ళు తెరిచాడు. చూపు సరిగా ఆనడం లేదు. పైన గుడ్డ గాలికి ఉబ్బుతోంది. చాలాసేపు దాన్నే చూశాడు.

"కప్పు పడిందా మే?"

మా ఆయన లేచి బయటికి పోయాడు. నేను మామ చెయ్యి పట్టుకున్నాను.

"పడింది మామా."

"ఎన్నంకణాలు వచ్చింది?"

"పద్నాలుగూ వచ్చింది."

ఆయన నుదురు ముడుచుకుంది. కాటా మనిషి, లెక్క కుదరక నమ్మడు. పెదాలు కదిపి ఏదో కూడుకున్నాడు. తరవాత అడిగాడు. "ఆ పక్కామె సంతకం పెట్టిందా?"

నేను తల తిప్పి చూశాను. దేవకమ్మ అక్కడే, ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని అరికాళ్ళు రాస్తోంది. ఆమె చేతులు ఆగాయి.

"పెట్టినా పెద్దాయనా" అంది. "నిన్ననే పెట్టినా."

మామ నుదురు సాఫు అయింది. "మంచిదమ్మా" అన్నాడు. సాయంత్రం నాలుగింటికి పోయాడు.

పదకొండో రోజు దాటాక షామియానా వాళ్ళు వచ్చి గుడ్డ విప్పుకుని వెళ్ళారు. ఇది జరిగి నాలుగు నెలలు. ఫైల్లో దేవకమ్మ అభ్యంతరం అట్లాగే ఉంది. ఆ సందులో ఎప్పుడు కనబడినా ఆమె నన్ను నిలబెట్టి భోంచేశావా అని అడుగుతుంది, చేశానక్కా అంటాను. సంతకం సంగతి అడగడానికి మాత్రం నాకు నోరు రావడం లేదు.